ఫ్యునేరియా డైరీ: గుళిక నుంచి గుళిక దాకా

1వ రోజు

పెరటి మూలలో ఎండుటాకులు కాల్చిన చోటు ఒకటుంది. నాలుగు నెలలుగా ఆ నల్లటి మచ్చ మీద గడ్డిపరక కూడా మొలవలేదు. ఈ ఉదయం చూస్తే అక్కడ అరచేయి వెడల్పున పచ్చటి మెత్త పరుచుకుని ఉంది. దాని మీద వెంట్రుకల్లాంటి రాగిరంగు కాడలు, ఒక్కో కాడ చివర తల వంచుకున్న చిన్న కాయ. పక్కనున్న మామూలు మట్టిలో ఒక్క మొక్క కూడా లేదు. కాలిన జాగా ఎక్కడ ఆగిందో ఇదీ అక్కడే ఆగింది.

మన వాడుకలో చెరువులో తేలేదీ నాచే, గోడకు పట్టేదీ నాచే, కాలు జారేలా చేసే జిగురూ నాచే, కాకపోతే పాచి. చెరువులో తేలేదీ, జిగురుగా ఉండేదీ చాలావరకు శైవలాలు (ఆల్గే). ఈ డైరీలో నేను నాచు అన్నప్పుడల్లా చిన్న కాడ, ఆకులు ఉన్న మొక్క అనే అర్థం చేసుకోవాలి. పాఠాల్లో బ్రయోఫైటా అని చదువుకున్నామే, అందులోది.

చాలాకాలంగా మనసులో ఉన్న పని ఇవాళ మొదలుపెడుతున్నాను. ఒకే ఒక్క నాచు జాతిని సిద్ధబీజం నుంచి, అంటే విత్తనం బదులు నాచు వదిలే దుమ్ములాంటి కణం నుంచి పెంచి, అది మళ్ళీ సిద్ధబీజాలు ఇచ్చేదాకా వెంట ఉండాలి. కుండీలో నాచు పెట్టుకున్నవాళ్ళలో ఎక్కువమంది చెప్పేది ఒకటే: రెండు నెలలు బాగుంది, తర్వాత గోధుమరంగుకు తిరిగి పోయింది. ఏ నాచు పెట్టారని అడిగితే జవాబు ఉండదు. బండ మీద పెరిగేదానికీ, చెట్టు బెరడు మీద పెరిగేదానికీ, కాలిన నేల మీద పెరిగేదానికీ ఒకే రకంగా నీళ్ళు పోస్తే ఎలా బతుకుతాయి? ముందు పేరు తెలుసుకోవాలి.

మట్టితో సహా రూపాయి బిళ్ళంత ముక్క తీసుకున్నాను. మిగతాది ముట్టుకోలేదు.

2వ రోజు

ఇవాళ రోజంతా గుర్తింపు పనే.

పది రెట్లు పెద్దది చేసి చూపే లెన్సు కింద ఒక్కో మొక్క అర సెంటీమీటరు కూడా లేదు. ఆకులు దోనెల్లా లోపలికి వంగి, పైభాగంలో ఒకదాన్నొకటి కప్పుకుని మొగ్గలా ముడుచుకున్నాయి. ప్రతి ఆకుకూ నడిమధ్య ఒక ఈనె, దాదాపు కొనదాకా. ఒక ఆకు తీసి మైక్రోస్కోపు కింద పెడితే కణాలు పెద్దవిగా, పలుచటి గోడలతో, గాజు పలకలు పేర్చినట్టు కనిపించాయి. ఈనె తప్ప మిగతా ఆకంతా ఒకే వరస కణాల మందం. ఈ సంగతి తర్వాత చాలా పనికొస్తుంది కాబట్టి రాసి పెట్టుకుంటున్నాను.

ఆకుల్ని బట్టి మాత్రం పేరు తేలలేదు. ఇలాంటి ఆకులు బ్రయమ్ అనే ఇంకో రకం నాచులకూ ఉంటాయి. తేల్చింది కాయ, అంటే గుళిక. బ్రయమ్ గుళిక ఏ వైపు నుంచి చూసినా ఒకేలా ఉండి, నేరుగా కిందికి వేలాడుతుంది. దీనిది బేరిపండు ఆకారం. ఒక పక్క ఉబ్బెత్తుగా ఉండి, మూతి పక్కకు తిరిగి ఉంది. ఎండిన గుళికల మీద నిలువునా గాడులు కూడా ఉన్నాయి. ఇదే కుటుంబంలోని ఫిస్కోమిట్రియమ్‌తోనూ పొరపడే అవకాశం ఉంది కానీ, దాని గుళిక చిన్న గిన్నెలా నిటారుగా నిలబడుతుంది. మూతి చుట్టూ పళ్ళు కూడా ఉండవు. మరి దీనికి ఉన్నాయి.

అసలు రుజువు కాడే ఇచ్చింది. ఎండిన కాడ తాడులా పేనుకుని ఉంది. మా మేనకోడలు లెన్సు పెట్టుకుని చూస్తూ బాగా దగ్గరికి వంగింది. ఆ పిల్ల ఊపిరి తగలగానే గుళిక మెల్లగా చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

"మావయ్యా, ఇది నా వంక తిరుగుతోంది!"

"మళ్ళీ ఊదమ్మా, మెల్లగా."

మళ్ళీ ఊదింది. మళ్ళీ తిరిగింది. తేమ తగిలితే కాడ పేటలు విడిపోతాయి, ఆరితే మళ్ళీ పేనుకుంటాయి. ఫ్యునేరియా అన్న పేరు లాటిన్‌లో తాడు అనే మాట నుంచి వచ్చింది. హైగ్రోమెట్రికా అంటే తేమను కొలిచేది. ఫ్యునేరియా హైగ్రోమెట్రికా. పేరులోనే మొక్క మొత్తం ఉంది. శాస్త్రీయ నామం పక్కన ఉండే పేరు వృక్షశాస్త్రవేత్త యోహాన్ హెడ్విగ్‌ది. ఆయన 1799లో పోయారు, నాచుల మీద ఆయన రాసిన గ్రంథం 1801లో అచ్చయింది. స్ఫాగ్నమ్‌ను పక్కన పెడితే, నాచుల పేర్ల లెక్క ఇప్పటికీ ఆ గ్రంథం నుంచే మొదలవుతుంది.

5వ రోజు

మూడు ప్లాస్టిక్ డబ్బాలు, మూతలతో. అడుగున చిల్లులు పెట్టాను.

మొదటి దాంట్లో రెండు వంతుల తోటమట్టి, ఒక వంతు సన్న ఇసుక. రెండో దాంట్లో అదే మట్టికి ఒక చెంచా కట్టెల బూడిద కలిపాను. కాలిన నేలలో పుట్టినదాన్ని ఆ నేలకు దగ్గరగా పెంచాలని. మూడో దాంట్లో నాచు ముక్కల్ని మజ్జిగలో కలిపి పూసే పద్ధతి. అందరూ చెప్తుంటారు కాబట్టి ఒకసారి నా కళ్ళతో చూడాలనిపించింది.

మొదటి రెండు డబ్బాల మట్టిని జల్లించి, తడిపి, అరగంట ఆవిరి పట్టాను. నాచు సిద్ధబీజం చాలా నెమ్మది మనిషి. అది మొలిచి నాలుగు పోగులు వేసేలోపు కలుపు గింజలు, బూజు, శైవలాలు ఊరంతా ఆక్రమిస్తాయి. పెరట్లో ఆ పోటీనంతా మంట తీసేసింది. పైగా పొటాషియం, భాస్వరం, కాల్షియం లవణాలను నేల మీద వదిలిపెట్టింది. ఇక్కడ మంట పని ఆవిరి చేయాలి.

6వ రోజు

విత్తనం వేసే రోజు. గోధుమరంగు తిరిగినా మూత ఇంకా ఊడని గుళికలు ఏరుకున్నాను. మూత ఉంటే లోపలివి శుభ్రంగా ఉంటాయి. ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి, అందులో గుళికల్ని రెండు నిమిషాలు ఉంచి, కాచి చల్లార్చిన నీళ్ళలో మూడుసార్లు కడిగాను.

ఒకటి మాత్రం విత్తకుండా మైక్రోస్కోపు కోసం ఉంచుకున్నాను. సూదిమొనతో మూత లేపితే కింద ఎర్రటి పళ్ళు. పదహారు. సుడి తిరిగినట్టు వంగి, కొనలన్నీ మధ్యలో ఒక చిన్న జల్లెడలాంటి బిళ్ళ దగ్గర కలుసుకున్నాయి. వాటి వెనక సరిగ్గా ఎదురెదురుగా ఇంకో పదహారు, పలుచగా, రంగు తక్కువగా. తేమగా ఉన్నప్పుడు పళ్ళు దగ్గరికి జరిగి సందులు మూసుకుంటాయి, గాలి పొడిగా ఉంటే సందులు తెరుచుకుంటాయి. సిద్ధబీజాలు ఒక్కసారిగా కుమ్మరించినట్టు పడవు. ఎగిరేందుకు అనువైన పొడి గాలిలో కొంచెం కొంచెంగా రాలతాయి. ఒక్కో సిద్ధబీజం మిల్లీమీటరులో నలభయ్యో వంతు కన్నా పెద్దది కాదు, అంత దుమ్ము కోసం ఇంత ఏర్పాటు. చాలాసేపు కన్ను తీయలేకపోయాను.

మిగిలిన గుళికల్ని చెంచాలో నాలుగు చుక్కల నీళ్ళు పోసి చిదిపాను. నీళ్ళు లేత ఆకుపచ్చగా మారాయి. డ్రాపర్‌తో రెండు డబ్బాల మట్టి మీదా వేశాను. ఒక చుక్క గాజు పలక మీద వేసి డబ్బాలోనే ఓ పక్కన పెట్టాను, తీసి చూసుకోవడానికి వీలుగా. పైన మట్టి కప్పలేదు. వీటికి మొలవడానికి వెలుతురు కావాలి. ఎల్‌ఈడీ దీపం అడుగు ఎత్తులో, రోజుకు పన్నెండు గంటలు.

10వ రోజు

గాజు పలక మీద మొలిచాయి! ఉబ్బిన గుండ్రటి సిద్ధబీజంలోంచి పచ్చటి గొట్టం ఒకటి బయటికి వచ్చింది. దాని నిండా హరితరేణువులు. కొన్నింటికి రెండో పక్క నుంచి రంగులేని సన్నటి పోగు కూడా దిగుతోంది. మట్టి మీద మాత్రం కంటికి ఏమీ ఆనడం లేదు.

19వ రోజు

మజ్జిగ డబ్బా తెల్లటి బూజుతో నిండిపోయింది. వాసన కూడా. తీసి పారేశాను. నాచుకు మజ్జిగతో పనేముంది, వెలుతురులో తన తిండి తానే తయారు చేసుకుంటుంది. మజ్జిగ తినేది బూజు.

మొదటి డబ్బాలో మట్టి మీద పచ్చటి నీడ పడినట్టుంది. రెండో డబ్బా, నేను బాగా ఆశ పెట్టుకున్న బూడిద డబ్బా, మూడొంతులు ఖాళీ. మట్టి మీద తెల్లటి పొర కట్టింది. పీహెచ్ కాగితం పెడితే 9 దాటింది, అంటే క్షారం బాగా ఎక్కువ.

రాత్రంతా ఆలోచిస్తే నా పొరపాటు తెలిసింది. పెరట్లో మంట ఆరిన మర్నాడే ఇది మొలవలేదు కదా. నాలుగు నెలలు పట్టింది. ఈలోపు ఎన్ని వానలు ఆ బూడిదను కడిగి ఉంటాయో. నేను పచ్చి బూడిద పోసి మర్నాడే విత్తాను. డబ్బాను ఏటవాలుగా పెట్టి, డిస్టిల్డ్ వాటర్‌ను అడుగు చిల్లుల్లోంచి కారిపోయేలా మెల్లగా పోశాను, నాలుగు దఫాలు. ఇప్పుడు పీహెచ్ 7.5 దగ్గర ఉంది. మిగిలిన గుళికల నీళ్ళు మళ్ళీ చల్లాను.

26వ రోజు

మొదటి డబ్బాలో పచ్చటి ఊలు పరిచినట్టుంది. ఇదే ప్రథమతంతువు, సిద్ధబీజం మొలిచాక మొదట అల్లుకునే పోగులు. తెలియనివాళ్ళు చూస్తే పాచి పట్టిందని కడిగేస్తారు. తేడా మైక్రోస్కోపులో తెలుస్తుంది. మొదట వచ్చిన పోగుల్లో కణాల మధ్య గోడలు అడ్డంగా, నిటారుగా ఉన్నాయి. ఇప్పుడు పాకుతున్న పొడవాటి పోగుల్లో ఆ గోడలు ఏటవాలుగా ఉన్నాయి, రంగు కూడా కాస్త గోధుమ. ఏటవాలు గోడలు కనిపిస్తే అది నాచు పోగేనని ధైర్యంగా ఉండొచ్చు. పోగు శైవలాల్లో అలా ఉండవు.

33వ రోజు

మొగ్గలు! పోగుల పక్కన నాలుగైదు కణాల చిన్న ఉండలు. ఒక్కో ఉండ కొనలో మూడు పక్కలున్న కణం ఒకటి ఉంటుంది. అది ఒక్కో పక్కనా వంతులవారీగా కొత్త కణాన్ని కోసి ఇస్తుంది, ఆ ఒక్కో కణం నుంచి ఒక్కో ఆకు. మొక్క మొత్తం ఆ ఒక్క కణం చేతి పని. చదరపు సెంటీమీటరులో పదిహేడు మొగ్గలు లెక్కపెట్టాను.

38వ రోజు

ఇవాళ రాయడానికి మనసు రావడం లేదు, అయినా రాయాలి. మొగ్గలు చూసిన ఉత్సాహంలో మూడు రోజుల కిందట మొదటి డబ్బాకు ద్రవ ఎరువు కొట్టాను, కుండీ మొక్కలకు వేసే మోతాదులోనే. ఇవాళ చూస్తే ఒక పక్కంతా పాలిపోయి తెల్లగా ఉంది. మైక్రోస్కోపులో కణాల లోపలి పదార్థం గోడల్ని వదిలి మధ్యకు ముడుచుకుపోయింది.

రెండో రోజున రాసుకున్న మాట ఇప్పుడు గుర్తొచ్చింది: ఒకే వరస కణాల మందం. మామూలు మొక్కకు వేరు ఉంటుంది, ఏది లోపలికి రానివ్వాలో అక్కడ కొంత వడపోత జరుగుతుంది. నాచుకు ఉన్నవి మూలతంతువులు. అవి ప్రధానంగా నేలను పట్టుకోవడానికే. నీళ్ళు, లవణాలు ఒళ్ళంతా పీల్చుకుంటుంది. 2018లో జపాన్‌లోని రైకెన్ సంస్థ పరిశోధకులు ఈ ఫ్యునేరియా ప్రథమతంతువే తన పొడి బరువులో 74 శాతం దాకా సీసాన్ని పట్టుకోగలదని చూపించారు. నీళ్ళలోని సీసాన్ని తీసేయడానికి వాడొచ్చని వాళ్ళ ఆలోచన. అంతలా పట్టుకునేదాని మీద నేను ఎరువు కొట్టాను.

మూడుసార్లు కడిగాను. ఇకమీదట ఎరువు వేస్తే సీసా మీద రాసిన మోతాదులో పదో వంతు, అదీ నెలకోసారి. కుళాయి నీళ్ళూ ఆపేశాను. అవి ఆరిన చోట తెల్లటి మరకలు పడుతున్నాయి.

45వ రోజు

డబ్బా అంచుల్లో నీలి ఆకుపచ్చ జిగురు. ఇది అసలైన పాచి. రోజూ స్ప్రే కొట్టి, మూత బిగించి ఉంచడం వల్ల వచ్చింది. నాచు అంటే ఎప్పుడూ తడిగా ఉండాలనే భ్రమ నాలోనూ ఉంది. ఫ్యునేరియాకు కింద మట్టి తేమగా ఉండాలి, పైన గాలి ఆడాలి. ఆకులు కాసేపు ముడుచుకున్నా నష్టం లేదు, తడి తగిలితే విచ్చుకుంటాయి. జిగురుకు ఎప్పుడూ తడే కావాలి.

జిగురు పట్టిన చోట మట్టితో సహా చెంచాతో తీసేశాను. స్ప్రే బాటిల్ బీరువాలో పెట్టేశాను. డబ్బాను నీళ్ళ పళ్ళెంలో పది నిమిషాలు ఉంచి తీస్తే అడుగు నుంచే తేమ ఎక్కుతుంది. మూత రోజుకు రెండు గంటలు తీసి ఉంచుతున్నాను.

61వ రోజు

జిగురు మళ్ళీ రాలేదు. మొదటి డబ్బా నిండా ఆకుమొక్కలు, మూడేసి మిల్లీమీటర్లు. కడిగిన బూడిద డబ్బా ఆలస్యంగా మొదలైనా ఇప్పుడు అన్నిటికన్నా ఒత్తుగా ఉంది. ఎరువు దెబ్బ తిన్న పక్క కూడా చుట్టూ ఉన్న పోగులు పాకి సగం పూడుకుంది. బూడిద డబ్బాలో చదునైన పచ్చ బిళ్ళ ఒకటి, దాని మీద చిన్న గిన్నె. మార్కాంషియా. కాలిన నేలల్లో ఫ్యునేరియాతో కలిసి ఉండే లివర్‌వర్ట్ ఇది, నాచులకు చుట్టం. గుళికల మట్టితో వచ్చి ఉంటుంది. వేరే డబ్బాలోకి మార్చాను, దాని బతుకు దానిది.

పెరట్లో అసలు మెత్త మాత్రం గోధుమరంగుకు తిరిగి, అక్కడక్కడా ఊడిపోతోంది. మొదట చాలా టెన్షన్ పడ్డాను, నేను తీసిన ముక్క వల్లే అనుకుని. కాదు. ఈ జాతి తీరే అంత: ఖాళీ నేలలోకి త్వరగా వస్తుంది, త్వరగా గుళికలు వేస్తుంది, సిద్ధబీజాలు వదిలి వెళ్ళిపోతుంది. దాని చోట్లో అప్పుడే గడ్డి మొలకలు కనిపిస్తున్నాయి. కుండీలో పెట్టుకుని రెండు నెలలకే పోయిందని బాధపడేవాళ్ళలో కొందరి దగ్గర ఉన్నది ఇదేనేమో. ఏళ్ళ తరబడి పచ్చగా ఉండాలనుకునేవాళ్ళు ఈ జాతిని ఎంచుకోకూడదు.

92వ రోజు

నెల రోజులుగా ఆకులు పెరగడమే తప్ప ఇంకేమీ లేదు. రెండు వారాల కిందట దీపం కింద నుంచి తీసి, రాత్రిళ్ళు పది పన్నెండు డిగ్రీలకు దిగే చల్లటి కిటికీ దగ్గర పెట్టాను, నేరుగా ఎండ పడకుండా. ఇవాళ కొన్ని మొక్కల తలలు పువ్వుల్లా విచ్చుకుని ఉన్నాయి. మధ్యలో నారింజరంగు చుక్క. మగ కొమ్మలు! ఆ చుక్కే పురుషబీజాశయాల గుంపు, పురుషబీజకణాలు తయారయ్యేది వాటిలోనే. ఇదే మొక్కకు కింద నుంచి ఆడ కొమ్మ పుట్టి, మగ కొమ్మను దాటి పైకి పోతుంది. ఆడ కొమ్మ మీద రంగు గుర్తేమీ లేదు, మొగ్గలాగే ముడుచుకుని ఉంటుంది.

98వ రోజు

బీరువాలోంచి స్ప్రే బాటిల్ మళ్ళీ తీశాను. పురుషబీజకణాలకు రెండు తోకలుంటాయి, అవి ఈదుకుంటూ వెళ్ళాలి. నీటి పొర లేకపోతే దారి లేదు. మూడు రోజులు ఉదయం పూట వాన చినుకుల్లా పెద్ద చుక్కలు పడేలా కొట్టాను. మధ్యాహ్నానికి మూత తీసి ఆరనిచ్చాను.

119వ రోజు

ఆకుల మధ్య నుంచి సూదుల్లా పచ్చటి మొనలు. రెండు డబ్బాల్లో కలిపి ముప్పై నాలుగు. ప్రతి మొన మీదా పొడవాటి ముక్కున్న టోపీ, కాలిప్ట్రా. ఇది తల్లి మొక్క కణజాలమే. పిల్ల, అంటే గుళికగా మారబోయే ఈ మొన, పైకి లేస్తూ తల్లి ఒంటిని చీల్చుకుని ఆ ముక్కను నెత్తిన పెట్టుకుని వస్తుంది. దాని మీదుండే మైనపు పొర ఆకుల మీది పొరకన్నా మందం.

ఆ పొర ఎందుకో ఇవాళే చూశాను. మట్టి రేణువు తీయబోయి కుంచె తగిలి ఒకదాని టోపీ ఊడిపోయింది. తిరిగి పెట్టడానికి పట్టకారుతో అరగంట ప్రయత్నించాను, నిలవలేదు. సాయంత్రానికి ఆ మొన వాడి గోధుమరంగుకు తిరిగింది. చుట్టూ టోపీలున్నవి నిటారుగా నిలబడి ఉన్నాయి. కుంచె ఇక డబ్బా దగ్గరికి తేను.

152వ రోజు

కాడలు రెండు సెంటీమీటర్లు దాటాయి. టోపీల కింద గుళికలు ఉబ్బుతున్నాయి, ఇంకా పచ్చగానే. ఒకదాన్ని పలుచగా కోసి చూస్తే మెడ దగ్గర పత్రరంధ్రాలు, అంటే గాలి వచ్చిపోయే చిన్న రంధ్రాలు, కనిపించాయి. ఆకులకు లేనివి గుళికకు ఉన్నాయి. తల్లి మీద ఆధారపడుతూనే తానూ కొంత ఆహారం తయారు చేసుకుంటుంది. నీళ్ళు తగ్గించాను.

187వ రోజు

గుళికలు పచ్చ నుంచి పసుపుకు, పసుపు నుంచి రాగిరంగుకు తిరిగాయి. ముప్పై నాలుగు మొనల్లో ఇరవై ఆరు ఇక్కడిదాకా వచ్చాయి. కింద ఆకులు పసుపుబారుతున్నాయి, ఈసారి నాకు కంగారు లేదు. మూతలు పూర్తిగా తీసేశాను.

194వ రోజు

ఉదయం పొడి గాలి. మేనకోడలే ముందు చూసింది.

"మావయ్యా, ఒకదానికి మూత లేదు!"

మూత డబ్బా అంచున పడి ఉంది, చుక్క పెట్టినంత. కింద నల్ల కాగితం పెట్టి కాడను వేలితో మెల్లగా తట్టాను. సన్నటి పొడి రాలింది. మూత ఊడని గుళికలు పది ఏరి, కాగితం పొట్లంలో కట్టి, జాతి పేరు, తేదీ రాసి పెట్టాను. మిగతా పదహారు కాడల మీదే ఉన్నాయి, రాలేవి రాలనీ.

మధ్యాహ్నం కొత్త డబ్బాకు మట్టి జల్లించాను. ఈసారి బూడిదను ముందే కడిగి కలిపాను. ఆ పిల్ల పక్కన కూర్చుని లెన్సు కంటికి పెట్టుకుని, మిగిలిన గుళికల మీద ఒక్కొక్కదాని మీదా ఊదుతోంది.